పెట్టెలో పిట్ట, పొదలో పిట్ట

కడప జిల్లాలో సిద్ధవటం దాటి లంకమల కొండల వైపు పోతే చిట్టడవి మొదలవుతుంది. గులకరాళ్ళ నేల, నడుమెత్తు ముళ్ళపొదలు, వాటి మధ్య గొర్రెలు మేసే ఖాళీ జాగాలు. 1986 జనవరిలో ఒక రాత్రి అక్కడి రెడ్డిపల్లి దగ్గర ఓ స్థానిక వేటగాడి చేతికి ఒక పిట్ట చిక్కింది. తీతువు కంటే కాస్త చిన్నది. పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున ఆ పిట్ట కోసమే అక్కడ తిరుగుతున్న భరత్ భూషణ్‌కి అదేమిటో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. 1900 తరవాత శాస్త్రవేత్తలెవరికీ కనపడని పిట్ట అది. అంతరించిపోయినట్టేనని చాలామంది ఆశ వదులుకున్నారు.

ఈ పిట్టకున్న పేర్లలో రెండింటి గురించి చెప్పుకోవాలి. 1848లో కలకత్తా మ్యూజియంలో ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి లాటిన్‌లో ‘బైటార్క్వేటస్’ అని నామకరణం చేశాడు. రెండు పట్టీలు గలది అని అర్థం. దూది కూరిన చర్మాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి చూసేవాడికి మొదట కనిపించేది ఆ పట్టీలే. ఆ పిట్టను శాస్త్రానికి అందించినవాడు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్. అందుకే ఇంగ్లీషువాళ్ళు దాన్ని జెర్డాన్ పిట్ట అన్నారు. మనవాళ్ళు పెట్టుకున్న పేరు కలివికోడి. కలివి పొదల నీడన తిరిగే కోడి. లాటిన్ పేరు ఆ పిట్ట ఎలా ఉంటుందో చెబుతుంది. తెలుగు పేరు ఎక్కడ వెతకాలో చెబుతుంది.

పక్షిశాస్త్రమంతా ఈ రెండు పేర్ల మధ్య నడిచే వ్యవహారమే. ఇది ఏ పిట్ట, దీని దాయాదులెవరు, ఏ కుదురుకి చెందింది అని అడిగేది వర్గీకరణ. ఎక్కడ బతుకుతుంది, ఏం తింటుంది, ఎవరితో జతకడుతుంది అని అడిగేది జీవావరణ శాస్త్రం. ఈ రెండింటి మధ్య అరవై ఏళ్ళకు పైగా తిరిగినవాడు సలీం అలీ. కలివికోడి మళ్ళీ దొరికేనాటికి ఆయనకు ఎనభై తొమ్మిదేళ్ళు. ఆ మరుసటి ఏడు, 1987 జూన్ 20న కన్నుమూశారు.

ఆయన కథ కూడా ఒక చచ్చిన పిట్టతోనే మొదలైంది. 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టిన సలీంకు ఊహ తెలిసేసరికే తల్లీ తండ్రీ లేరు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగాడు. చేతిలో చిన్న గాలితుపాకీ, చుట్టూ కావలసినన్ని పిచ్చుకలు. ఒకరోజు పడిపోయిన పిచ్చుకను చేతిలోకి తీసుకుంటే దాని గొంతు దగ్గర పసుపు మరక కనిపించింది. ఇది మామూలు పిచ్చుకేనా, తినొచ్చా అని మామను అడిగాడు. మామ వేటలో ఆరితేరినవాడేగానీ దీనికి జవాబు చెప్పలేకపోయాడు. నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్‌కి చీటీ రాసిచ్చి పంపాడు. మిల్లార్డ్ ఆ పిల్లవాడిని కూచోబెట్టి, చెక్క బీరువాల సొరుగులు ఒక్కొక్కటే లాగి వందల పిట్టల చర్మాలు చూపించాడు. ప్రతి దాని కాలికి ఓ చీటీ కట్టి ఉంది. ఏ తేదీన, ఏ ఊళ్ళో, ఎవరు పట్టారు, ఆడదా మగదా. సలీం తెచ్చింది పసుపు గొంతు పిచ్చుక. ఆయన ఆత్మకథ పేరులో ఉన్నది ఆ పిచ్చుకే.

అక్కడి నుంచి తిన్నగా శాస్త్రవేత్త అయిపోయాడనుకుంటే పొరపాటు. బర్మాలో తవాయ్ దగ్గర కుటుంబానికి ఉన్న టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం చూసుకోవడానికి వెళ్ళాడు. అక్కడ వ్యాపారం కంటే అడవిలో తిరుగుడే ఎక్కువైంది. మధ్యలో బొంబాయి వచ్చి వాణిజ్య చట్టం, పద్దులు చదివాడు, జంతుశాస్త్రమూ కొంత నేర్చుకున్నాడు. యూనివర్సిటీ పట్టా మాత్రం చేతికి రాలేదు. అది లేకనే జువలాజికల్ సర్వేలో కొలువు దక్కలేదు. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో వచ్చినవాళ్ళకు జంతువుల గురించి వివరించే ఉద్యోగం దొరికింది. రెండేళ్ళకే అది విసుగనిపించి, సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళాడు.

బెర్లిన్‌లో దొరికిన గురువు ఎర్విన్ స్ట్రెసెమాన్. చర్మాల సొరుగులకే పరిమితమైన పక్షిశాస్త్రాన్ని శరీరధర్మం, ప్రవర్తన, పరిణామం వైపు మళ్ళించిన తరం పెద్ద ఆయన. ఈకల కొలతలు తీసే చేత్తోనే గూళ్ళ దగ్గర కూచుని చూసే పని కూడా చేయాలని అక్కడ నేర్పేవారు. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవిలో వలస పిట్టల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వదిలే పద్ధతీ అలీ అక్కడే చూశారు. 1930లో ఇంటికి తిరిగొస్తే తన ఉద్యోగం లేదు. డబ్బుల్లేవని ఆ పోస్టునే ఎత్తేశారు.

భారతీయ పక్షిశాస్త్రానికి ఆ ఉద్యోగం ఊడడం కంటే మేలు మరొకటి జరగలేదని నా అభిప్రాయం. బొంబాయిలో అద్దె కట్టే స్తోమత లేక ఆయన భార్యతో కలిసి సముద్రం అవతల అలీబాగ్ దగ్గర కిహీమ్ అనే పల్లెకు మారారు. ఆ ఊళ్ళో ఆ వానాకాలం గిజిగాళ్ళు గూళ్ళు కట్టాయి. పనిలేని మనిషి, ఎదురుగా గూళ్ళు. నెలల తరబడి ఆయన చేసింది ఒకటే, చూడడం.

గిజిగాడి గూడు తెలియని తెలుగువాడుండడు. ఈతచెట్టుకో, దిగుడు బావి మీదికి వాలిన తుమ్మకో వేలాడుతుంటుంది. రాత్రిపూట మిణుగురు పురుగును తెచ్చి గూటిలో మట్టికి అంటించి దీపం పెట్టుకుంటుందని మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేవారు. గూటిలో మట్టి ముద్ద ఉండే మాట నిజం, దీపమే లేదు. ఆ రోజుల్లో పుస్తకాలు రాసినవాళ్ళకూ గిజిగాడి కాపురం గురించి పెద్దగా తెలియదు. మగపిట్ట, ఆడపిట్ట కలిసి గూడు కట్టుకుని కాపురం చేస్తాయని అనుకునేవారు.

అలీ చూసిన కాపురం వేరు. కట్టేది మగపిట్ట ఒక్కటే. వరి ఆకునో గడ్డినో ఒక చివర కొరికి, బద్ద చీల్చి, మూరెడు పొడుగు దాకా ఉండే ఆ పోచను ముక్కున కరచుకుని వస్తుంది. ఒక గూటికి అలాంటి ప్రయాణాలు అయిదువందల దాకా పడతాయి. గూడు సగం అయ్యేసరికి, బోర్లించిన టోపీలా ఉండగా, మగపిట్ట పని ఆపి దాని కింద వేలాడుతూ రెక్కలు కొట్టి కేకలు పెడుతుంది. అప్పుడు ఆడపిట్టలు గుంపుగా వస్తాయి. టోపీలోకి దూరి పోచలు లాగి చూస్తాయి. నచ్చకపోతే వెళ్ళిపోతాయి, ఆ గూడు అక్కడితో ఆగిపోతుంది. ఊరి చెట్లకు మనం చూసే సగంలో ఆగిన గూళ్ళు చాలావరకు ఇలా ఆడపిట్టలు తిరస్కరించినవే. నచ్చితే ఆడపిట్ట అందులో స్థిరపడుతుంది, మగపిట్ట మిగతా గూడూ పొడుగాటి గొట్టమూ పూర్తి చేస్తుంది. గుడ్లు పడ్డాక ఆ ఇంటి మీద దాని ధ్యాస తగ్గిపోతుంది. పక్క కొమ్మ మీద ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుంది. ఇలా వరసగా రెండో మూడో సంసారాలు. పొదగడం, మేత పెట్టడం దాదాపు అంతా తల్లి బాధ్యతే.

ఈ పరిశీలన 1931లో సొసైటీ పత్రికలో అచ్చయింది. పిట్టను చంపకుండా, తేదీలు వేసుకుంటూ రాసిన ఆ పద్ధతి మన దేశంలో అప్పటికి కొత్త. ఇక్కడ పేర్ల గురించి ఇంకో మాట. శాస్త్రంలో గిజిగాడి పేరు ‘ఫిలిప్పైనస్’. లిన్నేయస్ 1766లో పెట్టాడు. చీటీ మీద పడ్డ ఊరి పేరు తప్పు కావడంతో అలా అయింది. గిజిగాడు ఫిలిప్పీన్స్‌లో ఉండదు. రెండున్నర శతాబ్దాలుగా లేని ఊరి పేరు మోస్తూ మన చెట్ల మీద గూళ్ళు కడుతోంది.

కొంకణంలో ఉండగానే అలీ చేసిన ఇంకో పని మామిడితోటలున్న రైతులు ఇష్టంగా చదవాల్సింది. చెట్టు కొమ్మ మీద మొలిచి చెట్టు రసం పీల్చే బదనికను వదిలించుకోలేక సతమతమయ్యేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. అది ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ఎలా పాకుతుంది? దాని గొట్టంలాంటి పూలలో తేనె తాగే తేనెపిట్టలు పుప్పొడిని మోస్తాయి. దాని పండ్లను మింగే బొటనవేలంత చిన్న పిట్టలు జిగురు గింజల్ని మరో కొమ్మకు అంటించిపోతాయి. పువ్వుకు ఒకరు, గింజకు ఒకరు. చెట్టు, దాని మీద పడి బతికే మొక్క, దాన్ని నమ్ముకున్న పిట్టలు అన్నీ కలిస్తే ఒకే లెక్క అని ఆయన వివరంగా రాశారు. 

ఇంట్లో మాత్రం సంపాదన లేదు. సంస్థానాల్లో పక్షుల సర్వే చేస్తాను, జీతం అక్కర్లేదు, ఖర్చులు భరిస్తే చాలు అని అలీ సొసైటీకి చెప్పారు. ముందుగా ఒప్పుకున్నది హైదరాబాద్ సంస్థానం. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిసి దాదాపు 82,000 చదరపు మైళ్ళ నేల. పక్షుల పటంలో అది పెద్ద ఖాళీ. హిమాలయాల పిట్టల గురించీ నీలగిరి పిట్టల గురించీ పుస్తకాలున్నాయి, మధ్యలో ఉన్న దక్కన్ గురించి ఎవరికీ పట్టలేదు. ఉత్తరాది రకం ఎక్కడ ఆగుతుంది, దక్షిణాది రకం ఎక్కడ మొదలవుతుంది అనేది తేలాలంటే ఆ మధ్య నేలే కీలకం.

1931 చివరలో ఆయన, ఇంగ్లండులో చదువుకున్న భార్య తెహ్మీనా, పిట్టల చర్మాలు ఒలిచే పనివాళ్ళు, గుడారాలతో బయలుదేరారు. నల్లమలలో మన్ననూరు, ఫరహాబాద్, చెంచుల నేల వాళ్ళ మజిలీల్లో ఉన్నాయి. పగలంతా తిరిగి పిట్టల్ని కాల్చి తేవడం, సాయంత్రానికి చర్మం ఒలిచి, లోపల పాషాణం సబ్బు రాసి, దూది కూరి, చీటీ కట్టడం. పొట్ట కోసి ఏం తిన్నదో, గుడ్లు పెట్టే కాలమో కాదో చూసి అదీ చీటీ మీద ఎక్కించేవారు. పిట్టల్ని ప్రేమించేవాడు పిట్టల్ని కాల్చడమేమిటని ఈనాటి పాఠకుడికి అనిపిస్తుంది. ఆ చర్మాలు లేకపోతే తొంభై ఏళ్ళ కిందట నల్లమలలో ఏ నెలలో ఏ పిట్ట ఉండేదో ఈ రోజు మనకు ఆధారం ఉండేది కాదు.

చర్మాలు ఇంగ్లండులో హ్యూ విస్లర్‌కి వెళ్ళాయి. పంజాబ్‌లో పోలీసు అధికారిగా పనిచేసి, ఉద్యోగం మానుకుని పక్షుల వర్గీకరణలో పడ్డ మనిషి. వాళ్ళ పరిచయం గిల్లికజ్జాతో మొదలైంది. విస్లర్ రాసిన ఒక విషయం తప్పని అలీ పత్రికకు రాశారు. పేరు తెలియని భారతీయుడు తనను దిద్దడమేమిటని విస్లర్ సంపాదకుల మీద ఎగిరిపడ్డాడు. తరవాత తన దగ్గరున్న చర్మాలు తీసి మళ్ళీ చూసుకుని, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. అక్కణ్ణుంచి జీవితాంతం స్నేహితులు. హైదరాబాద్ సర్వే 1933, 34లలో భాగాలుగా అచ్చయింది. క్షేత్రంలో చూసినవి అలీవి, వర్గీకరణ మీద టిప్పణి విస్లర్‌ది. ఒకే పిట్ట గురించి పొద వైపు నుంచి ఒకరు, పెట్టె వైపు నుంచి ఒకరు రాసిన ఆ వ్యాసాలు ఇప్పటికీ తెలంగాణ పక్షుల మీద పనిచేసేవాళ్ళకు మొదటి మెట్టు. ఒక వడ్రంగి పిట్ట ఉపజాతికి విస్లర్, బ్రిటిష్ మ్యూజియంకు చెందిన కిన్నియర్ కలిసి 1934లో ‘తెహ్మినే’ అని పేరు పెట్టారు. గుడారాల్లో కాపురం చేసిన ఆమెకు అది తగిన గౌరవం. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తరవాత ఆమె పోయారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

వర్గీకరణ అంటే అలీకి గౌరవం ఉంది, మక్కువ లేదు. ఒక జాతిలో ఉపజాతుల్ని విడదీయాలంటే ఒకటి రెండు చర్మాలు చాలవు. ఒకే ఊళ్ళో, ఒకే రుతువులో పట్టిన పది ఇరవై చర్మాలు వరసగా పేర్చి రెక్క పొడుగు మిల్లీమీటర్లలో కొలిచి, రంగు పోల్చాలి. అలీకి అన్ని పిట్టల్ని కాల్చబుద్ధి కాలేదు. పరిణామ శాస్త్రంలో ఇరవయ్యో శతాబ్దపు పెద్ద పేర్లలో ఒకటైన ఎర్న్‌స్ట్ మేయర్, ఇతనికి వరసలు సేకరించవలసిన అవసరం ఎప్పటికీ తలకెక్కలేదని పక్షిశాస్త్రవేత్త డిల్లన్ రిప్లీకి ఫిర్యాదు చేశాడు. అలీ కూడా అదే రిప్లీకి ఎదురు ఫిర్యాదు రాశారు: ఈ పేర్ల వేదాంతంతో తల తిరుగుతోంది, పక్షిశాస్త్రం అంటే ఇదే అయితే అన్నీ వదిలి అడవిలో పిట్టల మధ్య ప్రశాంతంగా బతకాలనుంది అని. ఇద్దరి మొరా విన్న రిప్లీయే చివరికి అలీకి జోడీ అయ్యాడు.

వాళ్ళిద్దరూ కలిసి రాసిన భారత పాకిస్తాన్ పక్షుల హ్యాండ్‌బుక్ 1968 నుంచి 74 వరకు పది సంపుటాలుగా వచ్చింది. ఏ జాతిని ఎక్కడ పెట్టాలో రిప్లీ అంతకు ముందే 1961లో వేసుకున్న పట్టికే దానికి చట్రం. ఆ చట్రంలో ప్రాణం పోసింది అలీ. ప్రతి పిట్ట కింద దాని మేత, గూడు, కూత, అలవాట్లు, తిరిగే తావులు. ఆ పనిలో ఉండగానే భరత్‌పూర్‌లోనూ ఇతర చోట్లా వేలాది వలస పిట్టలకు ఉంగరాలు తొడిగారు. కర్ణాటకలో క్యాసనూరు అడవి జ్వరం బయటపడ్డాక, వలస పిట్టల మీది పిడుదులు జబ్బును మోసుకొస్తున్నాయేమో తేల్చమని ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బిచ్చిన పథకం అది. దశాబ్దాలుగా జాడలేని పెద్ద ముక్కు గిజిగాణ్ణి కుమావూఁ కొండల కింది తరాయిలో ఆయన మళ్ళీ పట్టుకున్నది అంతకు కొన్నేళ్ళ ముందు, 1959లో. పతకాలు, పద్మ పురస్కారాలు, రాజ్యసభ గురించి ఇక్కడ రాయను, అవి అన్నిచోట్లా దొరుకుతాయి.

ఒక మచ్చ గురించి మాత్రం రాయాలి. 1937లో అలీ అఫ్గానిస్తాన్‌కి రిచర్డ్ మైనర్ట్‌జ్‌హాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారితో వెళ్ళారు. గొప్ప పక్షి నిపుణుడని అప్పుడు అందరి నమ్మకం, అలీ నమ్మకం కూడా. అతను చనిపోయాక చాలాకాలానికి బండారం బయటపడింది. మ్యూజియంల నుంచి చర్మాలు దొంగిలించి, చీటీలు మార్చి, తానే పట్టినట్టు రాసుకున్నాడు. అడవి పైడికంటె ఒకటి 1914లో గుజరాత్‌లో దొరికిందని అతని చీటీ చెప్పింది. అది 1880లలో వేరొకరు వేరే చోట పట్టిన చర్మం. ఆ చీటీని నమ్మి వెళ్ళినవాళ్ళకు పిట్ట కనిపించలేదు. చీటీని పక్కనపెట్టి అసలు పాత చోట్లకు వెళ్ళిన పమేలా రాస్ముస్సెన్ బృందానికి 1997లో మహారాష్ట్రలోని షహాదా దగ్గర కనిపించింది. పిట్ట కాలికి కట్టిన చీటీ ముక్క అబద్ధమాడితే ఒక జాతి వందేళ్ళకు పైగా కనిపించకుండా పోగలదు.

అలీ పోయిన తరవాతి మాట ఒకటి. 2009 వేసవిలో అరుణాచల్ ప్రదేశ్ పశ్చిమ కొండల్లో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఆల్‌స్ట్రోమ్, మన శశాంక్ దల్వీ ఒక వింత గమనించారు. ఒకే జాతి అని పుస్తకాలు చెప్పే గోధుమరంగు నేలపిట్ట, సూదిమొన ఆకుల అడవిలో ఒకటి తియ్యగా పాడుతోంది, చెట్లు ఆగిపోయిన పై రాళ్ళగుట్టల్లో ఇంకొకటి బరబరమని గీకినట్టు పాడుతోంది. చూడబోతే రెండూ ఒకేలా ఉన్నాయి. పాట విన్నాక మ్యూజియం సొరుగులకు వెళ్ళారు. ఏడు దేశాల్లో పదిహేను మ్యూజియంల చర్మాలు కొలిచారు, డీఎన్‌ఏ పోల్చారు. రెక్క, కాలు, ముక్కు కొలతల్లో తేడాలు అప్పుడు తేలాయి. లక్షల ఏళ్ళ కిందటే విడిపోయిన వేర్వేరు జాతులవి. 2016లో ఆ అడవి పిట్టకు ‘సలీమలీ’ అని పేరు పెట్టారు.

చదువరీ, మీ ఊళ్ళో ముసలివాళ్ళకు, గొర్రెల కాపరులకు, చెరువు మీద బతికేవాళ్ళకు పిట్టల పేర్లు ఇంకా గుర్తున్నాయి. ఆ పేరు, ఆ పిట్ట తిరిగే చెట్టో పొదో, కనిపించే నెల, ఈ మూడూ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. కలివికోడిని వెతకడానికి వచ్చినవాళ్ళకు దారి చూపింది ఆ ఊళ్ళవాళ్ళే.